అవ్వ చెంప మీద ఉప్పు

మణవాళనగర్‌లో ఇప్పుడు మేముండే ఇంట్లో వంటింటి గోడకు అడుగున సౌడు, అదే గోడ ఉప్పు, పూసింది. పిండి చల్లినట్టు తెల్లగా, వేలితో ముట్టుకుంటే రాలుతా ఉంది. రంగు కొట్టే మనిషిని పిలిస్తే వచ్చినాడు, బకెట్లో గుడ్డ ముంచి పిండినాడు, గోడకు పెట్టబోయినాడు. పొయ్యి కాడున్న నేను "తడిగుడ్డ పెట్టొద్దు!" అని ఒక్క అరుపు అరిచినాను. పాపం, ఆయన గుడ్డ కింద పడేసి, పామేమన్నా కనపడిందేమోనని కాళ్ళ చుట్టూ చూసుకున్నాడు.

ఆ అరుపు నాది కాదు. మా మామది. మామ అంటే నా మొగుడి నాయన. ఆయన పోయి ఏడాది దాటింది, గొంతు మాత్రం నాలో యాడనో దాక్కోనుంది. ఆ మనిషికి కాఫీ ఇచ్చి, పొడి బ్రష్షుతో దులిపితే చాలని చెప్పి పనిలో పెట్టినాను. కానీ ఆ పొద్దంతా నాకు ఇంకో పని సాగలేదు. మామే కళ్ళ ముందర తిరుగుతా ఉన్నాడు.

మామను గురించి చెప్పాలంటే ముందు ఆయన చేతుల గురించి చెప్పాల. తిరుత్తణి పక్కన నేతవాళ్ళ వీధిలో పుట్టినాడు, గుంట మగ్గంలో కాళ్ళాడిస్తా పెరిగినాడు. పవర్‌లూమ్‌లు వచ్చి చేతిమగ్గం మూలబడినాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. పని లేదని చేతులు ఊరుకుంటాయా? కూర్చుంటే తువ్వాలు అంచులో పోగు లాగి ముడేసేవాడు, విప్పేవాడు, మళ్ళీ ముడేసేవాడు. బస్సులో పక్కన కూర్చున్నామె సంచికి కాడ ఊడివుంటే అడక్కుండానే ముడేసి ఇచ్చేవాడు. ఆమె దొంగ అనుకుని సంచి గుంజుకుంటే, అప్పుడు గూడా ముడి బిగించేదాకా వదిలేవాడు కాదు. పెళ్ళికి పోతే పందిరి తాళ్ళు సవరించేవాడు. చావుకు పోతే కుర్చీలు సవరించేవాడు.

నన్ను చూసుకునేదానికి నగరిలో మా ఇంటికి వచ్చినప్పుడు అందరూ నన్ను చూస్తా ఉంటే ఆయన కిర్రుమనే మా వాకిలి తలుపును చూస్తా ఉన్నాడు. మా అమ్మను రొంత ఆముదం అడిగి, బందుల్లో పోసి, ముందుకూ వెనక్కూ ఆడించి, అది గమ్మునయ్యేదాకా కూర్చోలేదు. పిల్ల నచ్చిందా అని మా నాయన అడిగితే, తలుపు సరిపోయింది అన్నాడంట. నాకు ఒళ్ళు మండింది. మా నాయన మాత్రం ఈ ఇంట్లో పడితే బిడ్డకు ఏదీ విరిగిపోయి ఉండదులే అని సంబరపడి ఒప్పుకున్నాడు.

ఎందుకు మామా ఊరి పనులన్నీ నీకు అంటే ఆయనది ఒకటే మాట. "చూస్తా ఊరుకుంటే మనిషెందుకు పాపా?" నన్ను పాపా అనే పిలిచేవాడు, నాకు ఇద్దరు పిల్లలు పుట్టినాక గూడా.

మామ పుట్టిన, నేను కాపురానికి పోయిన ఆ నేతవాళ్ళ వీధి మొదట్లో, లారీలు పోయే పెద్దరోడ్డు పక్కనే, భజన మండపం ఒకటుంది. ఇటుకా సున్నంతో కట్టింది. లోపల ఒక గోడ నిండా పాతకాలం బొమ్మలు. రాములవారి పట్టాభిషేకం, ఏనుగులు, గుర్రాలు, బాజాలు వాయించేవాళ్ళు. ఆ సంబరమంతా అయిపోయినాక, కింద మూలలో ఒక ఆడమనిషి కూర్చోనుంటుంది. ఎర్రచీర, ముందర రాట్నం, ఎత్తిన చేతిలో పోగు. ఆమె కింద తెలుగులో ఏదో రాసుండేదంట, నేను కాపురానికి వచ్చేటప్పటికే అక్షరాలను ఉప్పు తినేసింది. పేరు తెలీదు గనక అందరూ అవ్వ అంటారు. విజయనగరం రాజుల కాలంలో మగ్గం సామాను నెత్తిన పెట్టుకొని ఈ తట్టుకు నడిచొచ్చిన మొదటామె ఈమేనని మా వీధి నమ్మకం. నిజమో అబద్ధమో నాకు తెలీదు. పైన పట్టాభిషేకంలో ఉన్న రాములవారిని ఎవరూ పట్టించుకోరు గానీ అవ్వ పాదాలు తాకి మొక్కకుండా కొత్తకోడలు వీధిలోకి రాకూడదు. ఎవరు చచ్చిపోయినా పాడెను మండపం ముందర దించి, లోపల అవ్వకు కర్పూరం ముట్టించి, ఆమె సెలవు తీసుకొని ఎత్తుకపోవాల. అది మా ఆచారం.

ఈ అవ్వకు రోజూ తెల్లారే మొగం కడిగే పని మామది. ఎవరూ అప్పజెప్పలేదు, ఆయనే తీసుకున్నాడు. అవ్వ పాదాల కాడ తెల్లగా ఉప్పు పూసేది. తువ్వాలు తడిపి, చంటిబిడ్డను తుడిచినట్టు మెల్లగా తుడిచేవాడు. తుడవంగానే చీర ఎరుపు నిగనిగలాడేది. మర్నాటికి మళ్ళీ తెలుపు, మళ్ళీ తడిగుడ్డ. పొద్దంతా రాట్నం తిప్పే మనిషికి చెమట పట్టదా అనేవాడు నాతో. మొదట్లో నన్ను ఆటపట్టిస్తా ఉన్నాడనుకున్నాను. తర్వాత చూస్తే ఆయన నిజంగానే దాన్ని చెమట మాదిరే చూస్తా ఉన్నాడు, ఆమె అలిసిపోయిందని దిగులు పడతా ఉన్నాడు.

ఒక వానాకాలం మండపం గోడ అడుగున నాని, బయటి సున్నం రాలింది. మామ ఊరుకుంటాడా? వీధిలో అందర్నీ కూడేసి, బయటి పక్క నడుమెత్తు దాకా సిమెంటు పూయించినాడు. నున్నగా, గట్టిగా, చూసేదానికి ముచ్చటగా ఉండె. పక్కనే వీధి కొళాయి. మేమంతా బిందెలు కడిగిన నీళ్ళు ఆ గోడ మొదట్లోనే ఇంకేవి. గోడ తాగిన తడి బయటికి పోయేదానికి ఉన్న దారిని ఆ సిమెంటు మూసేసిందని అప్పుడు మాకెవరికీ తెలీదు. బయటికి పోలేని తడి లోపలికి, బొమ్మల తట్టుకు, ఇంకా పైకి ఎక్కింది. అవ్వ పాదాల కాడుండే ఉప్పు మోకాళ్ళెక్కింది, రాట్నమెక్కింది, కడాకు చెంప మీదికి వచ్చేసింది. దాంతోపాటు రంగు గూడా పొరలుగా లేవడం మొదలుపెట్టింది.

అప్పుడు మామకు నేతవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన వచ్చింది. పడుగులో పోగులు నూగుగా లేస్తే ఏం చేస్తాం? గంజి పెట్టి కుంచెతో దువ్వుతాం, అణిగిపోతాయి. గోడయినా అంతే గదా అనుకున్నాడు. అత్త చేత బియ్యపు గంజి పల్చగా కాయించి, గుడ్డలో వడగట్టి, మగ్గం పోయినా పారేయకుండా గోడకు తగిలించి పెట్టుకున్న పాత కుంచె దింపినాడు. అవ్వ మొగానికి, చీరకు, రాట్నానికి గంజి పెట్టినాడు. ఆ పొద్దు చూడాల. ఎప్పుడూ కనపడని రంగులు కనపడినాయి, కంటికి కాటుక గూడా ఉండేదని అప్పుడే తెలిసింది. వీధంతా వచ్చి చూసి మామను మెచ్చుకుంది. ఆయన పంచె అంచులో పోగు పీకుతానే ఉన్నాడు, మొగం మాత్రం బిడ్డ పెళ్ళి చేసినోడి మాదిరి వెలిగిపోతా ఉండె.

ఎండలొచ్చినాయి. గంజి బిగుసుకుంది. ఎండలో పెట్టిన అప్పడం అంచులు లేచినట్టు అవ్వ ఎడమ చెంప లేచింది. ఒక తెల్లవారి మామ పోయి ఎప్పటి మాదిరే తడిగుడ్డ పెడితే చెంప ఊడి గుడ్డలోకి వచ్చేసింది.

తువ్వాలును అట్లే మడిచి, రెండు చేతుల్తో పట్టుకొని ఇంటికొచ్చినాడు. ఏమైందంటే విప్పి చూపించినాడు. కాస్త ఎర్రమన్ను, సున్నపు పొడి, అంతే. ఆ పొద్దు కంచం ముందర కూర్చోని అన్నం ముట్టలేదు, చేతుల వంక చూసుకుంటా ఉన్నాడు. ప్రేమతోనే చేసినావు గదా మామా, నువ్వేమన్నా కావాలని చేసినావా అన్నాను.

"ప్రేమతో లాగితే పోగు తెగదా పాపా?" అన్నాడు.

మిగిలిన చెంప, కన్ను, నుదురు గూడా ఆ ఎండలకే పోతాయని మా ఇద్దరికీ తెలుసు. అవ్వను తన చేత్తోనే చంపేస్తా ఉన్నానన్న భయం ఆయనను పట్టుకుంది. ఏదో ఒకటి చేయాలని చేతులు పీకుతాయి, చేస్తే ఊడిపోతుందని గుండె పీకుతుంది.

ఎవరో తీసిన ఫోటో ఫోన్లలో తిరిగి తిరిగి, చెన్నైలో పాత గోడబొమ్మలను బాగుచేసే ఒక మేడం దాకా పోయింది. ఆమె ఒక పొద్దు వచ్చింది. తెలుగు రాదు, నెమ్మదైన మనిషి. గోడ ముందర మోకాళ్ళ మీద కూర్చోని, టార్చిలైటు పక్కవాటుగా వేసి శానాసేపు చూసింది. వేలు గూడా పెట్టలేదు. లేచి తమిళంలో చెప్పింది. ఇంక ఎవరూ దీన్ని తాకొద్దు, తడపొద్దు. లోపల దీపం, కర్పూరం వద్దు, ఆ పొగంతా బొమ్మల మీదనే కూర్చుంటుంది. బయట సిమెంటు కొట్టేయాల, కొళాయి జరపాల. మామ విన్నంతసేపు విని, మా అవ్వను మేము తాకకూడదని చెప్పేదానికి ఈమె ఎవరని నా తట్టు తిరిగి తెలుగులో గొణిగినాడు. అయినా ఇంటికాడికొచ్చిన మనిషిని ఆకలితో పంపడం మా వీధిలో లేదు. కోపం కోపంగానే భోజనానికి పిలుచుకొచ్చినాడు.

మా వంటింట్లో అత్త ఉప్పుకుండ ఉండేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టికుండ. లోపల కల్లుప్పు, బయటంతా పొట్టు లేచి రాలిపోయి గరుకు గరుకుగా ఉండేది. అత్త దాన్ని శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో తుడిచి కుంకం పెట్టేది. చేతులు కడుక్కునేదానికి వచ్చిన మేడం ఆ కుండ ముందర ఆగిపోయింది. మామను పిలిచి, ఇది ఎందుకు ఇట్ల రాలుతా ఉందని తమిళంలో అడిగింది.

"ఉప్పు తింటుంది గదమ్మా" అన్నాడు మామ, ఇది గూడా తెలీదా అన్నట్టు. "చెమ్మకు నీరై మట్టిలోకి దిగుతుంది. ఆరేటప్పుడు బయటికొచ్చి మళ్ళీ గట్టిపడి పొట్టు లేపుతుంది."

"తుడిస్తే పోదా?"

"పైది పోతుంది. మిగిలింది తడితో మళ్ళీ లోపలికే..."

అని నోరు మూసుకున్నాడు. చేతిలో చెంబు అట్లే ఉండిపోయింది. కుండను చూసినాడు, అత్తను చూసినాడు, మండపం తట్టు చూసినాడు. మేడం వచ్చి ఆకు ముందర కూర్చోని, అత్త వడ్డించిన చింతచిగురు పప్పు బాగుందని మళ్ళీ అడిగి వేయించుకుంది. ఆ పొద్దు మామ తువ్వాలు అంచులో పోగు పీకకుండా అన్నం తినడం నేను మొదటిసారి చూసినాను.

ఆ తర్వాత జరిగింది జరగడానికి శానా రోజులు పట్టింది. సిమెంటు కొట్టేయడానికి వీధి ఒప్పుకోలేదు, అంత నున్నని గోడను ఎవరన్నా పగలగొట్టుకుంటారా అని. పూయించినోణ్ణి నేనే, కొట్టించేదీ నేనే అని మామ గడ్డపార తీసుకొని ముందు నిలబడినాడు. కొళాయి అవతలికి జరిపితే ఆడోళ్ళమంతా తిట్టుకున్నాం. బిందె మోసుకొచ్చే దూరం పెరిగింది మరి. నేనూ తిట్టినాను, ఆయన వినేటట్టే తిట్టినాను. వినీ విననట్టు పోయినాడు.

గోడ బాగా ఆరినాక మేడం మళ్ళీ వచ్చింది. లేచిన పొరలను ముందు వెంట్రుకంత సన్న కుంచెతో ఏదో మందు పెట్టి అంటించింది. తర్వాత కాగితం గుజ్జు మంచినీళ్ళలో తడిపి, పల్చటి కాగితం అడ్డం పెట్టి, దెబ్బకు మందు పట్టు వేసినట్టు గోడకు వేసింది. మామ ఊరుకుంటాడా? తడి వద్దన్నది నువ్వే గదమ్మా, ఇప్పుడు నువ్వే తడి పెడతా ఉండావే అని నిలదీసినాడు. ఆమె నవ్వింది. నీ తడి ఉప్పును లోపలికి తోస్తుంది తాతా, నా తడి ఉప్పును ఈ గుజ్జులోకి లాక్కుంటుంది, ఆరినాక గుజ్జుతో సహా తీసి పారేస్తాను అంది. పట్టు ఆరినాక ఒక ముక్క ఇస్తే మామ నాలిక మీద పెట్టుకొని చూసినాడు. ఉప్పగా ఉందంట. ఆ మాట వీధిలో ప్రతి ఇంటికీ పోయి చెప్పొచ్చినాడు.

ఒక్క దగ్గర మాత్రం గట్టిగా కొట్లాడినాడు. ఊడిపోయిన ఎడమ చెంపకు ఆమె రంగు వేయలేదు, గోడ రంగులోనే సున్నం నింపి వదిలేసింది. ఆడమనిషిని ఒక చెంపతో ఎట్ల కూర్చోబెడతావు, రొంత రంగు పూసేయమ్మా, నీకు పుణ్యముంటుంది అని బతిమాలినాడు. కంట నీళ్ళు గూడా పెట్టుకున్నాడు.

"నేను వేస్తే అది నా అవ్వ అవుతుంది తాతా" అందామె. "మీ అవ్వ ఇంతే మిగిలింది. ఇదన్నా ఉండనియ్యి."

మామ తువ్వాలుతో మొగం తుడుచుకొని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ మెట్లే ఇంక ఆయన చోటయింది.

పొద్దున్నే పోయి తలుపు తీసి, అవ్వను దూరం నుంచి చూసి, వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. వచ్చినోళ్ళకు ఒకటే పాట. తాకొద్దు, ముట్టొద్దు, కర్పూరం బయట ముట్టించు. కొత్తకోడళ్ళను గూడా గడప అవతలి నుంచే మొక్కమనేవాడు. జీవితమంతా చూస్తా ఊరుకుంటే మనిషెందుకు అన్న మనిషి, "చూస్తా ఊరుకోండమ్మా, అదే మీరు చేయగలిగిన మేలు" అని అందరికీ చెప్పే రోజు వచ్చింది. నేను ఎగతాళి చేస్తే ఆయనా నవ్వేవాడు.

రోడ్డు మీద కంకర లారీలంటే మాత్రం ఆయనకు పగ. లారీ పొగ గోడ తడితో కలిస్తే పులుపెక్కుతుంది, ఆ పులుపు సున్నాన్ని తిని ఇంకో ఉప్పు చేస్తుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లగా పెచ్చు కడుతుంది అని మేడం చెప్పింది. మామ దాన్ని తన మాటల్లో పెట్టుకున్నాడు. సున్నపు గచ్చు మీద చింతపండు పులుసు పడితే ఏమవుతుంది, అదే ఇది అనేవాడు. లారీలను ఆపలేడు గదా. అందుకని ఆ చేతులకు ఒక పని దొరికింది. తెలిసినోళ్ళ చేతిమగ్గం మీద కూర్చోని, దట్టంగా ఒక తెర నేసి, మేడంకు చూపించి, ఆమె సరేనన్నాక రోడ్డు తట్టు వాకిలికి కట్టినాడు. వారం వారం దాన్ని విప్పి ఆయనే ఉతికేవాడు. నీళ్ళు బొగ్గు కలిపినట్టు నల్లగా వచ్చేవి. చూడు పాపా, ఇదంతా అవ్వ ఊపిరిలోకి పోవాల్సింది అని నాకు చూపించేవాడు.

మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆయన రెండు చేతులూ రెండు చంకల్లో దూర్చుకొని ఉండేవాడు. ఒకసారి మంచి ఎండాకాలంలో మజ్జిగ తీసుకొనిపోతే అట్లే కూర్చోనున్నాడు. చలేస్తా ఉందా మామా అన్నాను. అవ్వ నుదుటి మీద మళ్ళీ రొంత తెల్లగా కనపడిందంట, మేడంకు ఫోన్ చేసినాడంట, ఆమె వచ్చేదాకా ముట్టకూడదంట.

"వదిలితే ఇవి ఆడికే పోతాయి" అన్నాడు చంకల్లో చేతులను చూపించి. "అందుకే కట్టేసినా."

మజ్జిగ నేనే తాగించినాను.

మంచాన పడినాక ఒక మధ్యానం నన్ను దగ్గరికి పిలిచినాడు. తనను ఎత్తుకపోయేటప్పుడు లోపల కర్పూరం ముట్టించనియ్యొద్దన్నాడు. తలుపు మూసి పెట్టమన్నాడు. జనమంతా వస్తారు, ఏడుస్తారు, లోపలికి పోతారు, ఏడ్చే మనిషి చెయ్యి యాడ పడుతుందో ఎవరికి తెలుసు అన్నాడు. అత్తతో చెప్పు మామా అంటే, ఆమెతో చెప్పే ధైర్యం నాకు లేదు, నీకు నోరుంది అన్నాడు.

మామ పోయిన పొద్దు పాడెను మండపం ముందర దించినారు. అత్త తమ్ముడు పళ్ళెంలో కర్పూరం పెట్టుకొని మెట్లెక్కినాడు. నేను పోయి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడినాను. మామ మాట చెప్పినాను. జనం గుసగుసలాడినారు. ఇన్నేళ్ళు కాపలా కాసినోడికి అవ్వ మొగం గూడా చూపించకుండా పంపుతావా, పరాయింటి నుంచి వచ్చినదానివి నీకేం తెలుసు అని ఒకామె అననే అనింది. నా మొగుడు తల దించుకున్నాడు. అందరూ అత్త తట్టు చూసినారు, ఆమె చెప్తే నేను పక్కకు తప్పుకోవాల్సిందే.

అత్త పాడె పక్కన నిలబడి మామ చేతులను చూస్తా ఉంది. బొటనవేళ్ళు రెండూ కలిపి నూలుపోగుతో కట్టినారు. ఆమె ఆ ముడిని చూసి తల ఎత్తింది.

"తెర గూడా వేసెయ్యమ్మా" అనింది నాతో. "లారీ వస్తా ఉంది."

కర్పూరం రోడ్డు మీద ముట్టించినారు. లారీ గాలికి ఆరిపోయింది. మళ్ళీ ముట్టించినారు. ఆ మసి రోడ్డులోనే కలిసిపోయింది, మామను ఎత్తుకపోయినారు. ఆడోళ్ళం వెనక్కి తిరిగినాం.

అందరూ పోయినాక నేనూ అత్తా తలుపు తీసి లోపలికి పోయినాం. పొగ ఏమన్నా దూరిందేమో చూద్దామని. ఏమీ లేదు. అవ్వ ఒక చెంపతో, కాటుక కన్నుతో, ఎత్తిన చేతిలో పోగుతో అట్లే కూర్చోనుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా చెయ్యి దానంతట అదే ఆమె పాదాల కాడికి పోయింది. వేలు గోడను తాకబోతుండగా గుర్తొచ్చి, లాక్కొని చంకలో పెట్టుకున్నాను.

పక్కకు చూస్తే అత్త చేతులు అప్పటికే రెండు చంకల్లో ఉన్నాయి.